తేదీ పడాలి

"తేదీ అలుక్కుపోయింది. ఇంకో కార్డు మీద వేయండి."

పోస్టుమాస్టరు కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూశాడు. కౌంటరుకు అవతల నర్సమ్మ నిలబడి ఉంది. ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరై పన్నెండేళ్లయినా అందరికీ ఆమె ఇంకా నర్సమ్మే. ఈ కోట ఊరి బొమ్మ ముద్ర కోసం మూడు బస్సులు మారి వచ్చింది. బురుజు, దాని మీద పావురం, చుట్టూ ఊరి పేరు, కింద తేదీ. ఆ ముద్ర ఈ పోస్టాఫీసులో తప్ప ఇంకెక్కడా వేయరు.

"బొమ్మ బాగానే పడిందిగా అమ్మా?"

"బొమ్మ పడింది. తేదీ పడలేదు."

"సంచులు కట్టే టైము. సాయంత్రం రండి."

"ఇక్కడే ఉంటాను."

ఉంది. బల్ల ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. వెనక వరస పెరిగింది. గొణుగుడూ పెరిగింది. అరగంటకు ఆయనే దిగొచ్చాడు. ముద్ర తుడిచి, కొత్త సిరా పోసి, ఊపిరి బిగబట్టి అద్దాడు. ఈసారి అచ్చు గుద్దినట్టు పడింది.

"వెనక సంతకం పెట్టండి. నేనే వచ్చి వేయించుకున్నానని ఒక ముక్క రాయండి."

"ఇలా ఎవరూ అడగరమ్మా!"

"నేను అడుగుతాను."

ఆయనకు నవ్వొచ్చింది. "పోటీకి పెడుతున్నారా ఏమిటి?"

"ఆ, పోటీకే. సోమవారం."

ఎనిమిది నెలల్లో ఇది ముప్పై ఏడో ఊరు. ఒకచోట వానకు తడిసి ముద్దయింది. ఇంకోచోట ముద్ర ఉన్న బీరువా తాళం కనపడలేదంటే, తాళాలవాణ్ని పిలిపించేదాకా కదల్లేదు. మోకాళ్లు మొరాయిస్తే వాటినీ నాలుగు తిట్టింది. మొదట పంతానికి తిరిగింది. పోనుపోను ఆ గోపురాల మీద, వంతెనల మీద, గడియారపు స్తంభాల మీద మనసు పడింది.

మేడ మీద ఉండే మరిది ఒకసారి ఆల్బం చూసి పెదవి విరిచాడు.

"ఈ చిత్తుకాగితాలు ఏం చేసుకుంటావు వదినా?"

"చూద్దువుగాని."

సోమవారం ఇస్త్రీ బట్టలు వేసుకుని, ఆల్బం చంకన పెట్టుకుని వెళ్లింది. మరిది అప్పటికే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఎత్తయిన బల్ల వెనకున్న ఆవిడ ఒక్కొక్క కార్డూ తిప్పి, ముందు బొమ్మా తేదీ, తర్వాత వెనకున్న సంతకం చూసింది.

"ఇన్ని ఊళ్లూ మీరొక్కరే తిరిగారా?"

"ఒక్కదాన్నే."

"దారి ఎవరు చెప్పారు?"

"నోరుందిగా. అడిగాను."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆవిడ ఆల్బం మూసి, పక్కనున్న కాగితం తీసి, మరిది వైపు చూస్తూ పైకి చదివింది: "మా వదినకు మతి పోయింది, వీధి మలుపు దాటితే ఇల్లు గుర్తుపట్టలేదు, కాబట్టి ఆమె ఇల్లూ బాగోగులూ నాకు అప్పగించవలసిందిగా కోర్టువారిని వేడుకుంటున్నాను."