బంగారం లేని కొండ

ఒరూరో అనే గని ఊళ్లోని ఈ కొండ తగరమే ఇస్తుంది, బంగారం ఇవ్వదు. పదేళ్లుగా దాని రాయిని ల్యాబులో కరిగించి చూస్తున్న ఇంజనీరుని, నాకు తెలుసు. ఆ రాత్రి మాత్రం రాయి కరిగించిన మూస అడుగున ఆవగింజంత బంగారం మెరిసింది.

“ఏ సొరంగం రాయి ఇది, సెవెరో?”

కొలిమి పక్కన కోకా ఆకు నములుతున్న ముసలాడి దవడ ఆగింది. “పోయినేడు కూలింది చూడండి, ఇంజనీరమ్మా, అదే. నిన్న మళ్లీ తెరిచారు.”

లోపల ఎవరూ లేరని నివేదిక మీద సంతకం పెట్టింది నేనే.

ఫోన్లో మేనేజరు సంబరపడ్డాడు. “బంగారమా? అక్కడే ఇంకా తవ్విద్దాం.”

సెవెరో పెదవి పైకెత్తి, బంగారు తొడుగు వేసిన పన్ను చూపించాడు. “మా తమ్ముడికీ ఇలాంటిదే. పని ఎగ్గొట్టి అర్జెంటీనా పారిపోయాడని రాశారుగా తమరు.”

అదే సొరంగం నుంచి వచ్చిన రెండో రాళ్ల సంచి ఇంకా విప్పలేదు. అందులో ఎవరో పళ్లు నూరుతున్నారు.