ఒక్కరి పేరు మీద

కాలింగ్ బెల్ మోగగానే భర్త వెనకగదిలోకి వెళ్ళి లోపలినుంచి తాళం వేసుకున్నాడు. కోర్టు లెక్క ప్రకారం అతనిప్పుడు ఆమెకు భర్త కాడు. పోయిన నెలలోనే విడాకులు వచ్చేశాయి. అందుకే ఈ ఇంట్లో అతను కనబడకూడదు.

వెళ్ళేముందు ఒక్క మాటే అన్నాడు.

"నేర్పింది నేర్పినట్టు చెప్పు. చాలు."

ఆమె చెమట పట్టిన అరచేతులు తువ్వాలుకు తుడుచుకుని తలుపు తీసింది. బ్యాంకు ఆఫీసరమ్మ చంకలో ఫైలుతో రొప్పుతూ నిలబడి ఉంది. మీ మెట్లెక్కేసరికి నా మోకాళ్ళు రాజీనామా ఇచ్చేశాయంటూ లోపలికి వచ్చి సోఫాలో కూలబడింది.

ఉపాయమంతా అతనిదే. పెయింట్ల వ్యాపారం మునిగాక అప్పులవాళ్ళ కన్ను ఈ ఫ్లాటు మీద పడింది. ఫ్లాటూ, దాని మీద తీసుకున్న లోనూ ఇద్దరి పేరు మీదా ఉన్నాయి. విడాకులు తీసుకుని, తన వాటా ఆమెకు రాసిచ్చి, లోన్‌లోంచి తన పేరు తీయించేసుకుంటే ఇల్లు దక్కుతుందన్నాడు. విడాకులు కాగితం మీదే, కాపురం మామూలేనన్నాడు. ఆమె తన మాట దాటుతుందన్న అనుమానం అతనికి కలలో కూడా లేదు. ఆమెకు కళ్ళద్దాల షాపులో జీతం వస్తోంది కాబట్టి లోన్ ఆమె ఒక్కదాని పేరు మీదికి మార్చడానికి బ్యాంకు ఒప్పుకుంది. విడిపోయామన్నవాళ్ళు నిజంగా విడిపోయారో లేదో ఇంటికొచ్చి చూసుకోవడం ఒక్కటే మిగిలింది.

పొద్దున్నే అతను ఇల్లంతా తిరిగి తన ఆనవాళ్ళు తానే ఏరేశాడు. షేవింగ్ సెట్టు, బూట్లు, గోడమీది పెళ్ళిఫొటో. తరవాత ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆఫీసరులా ప్రశ్నలడిగాడు. తడబడినప్పుడల్లా మళ్ళీ మొదటికి.

ఆఫీసరమ్మ మంచినీళ్ళు తాగి లేచింది. వంటగది చూసింది. పడకగదిలో బీరువా తీయించి చూసింది. బాత్రూమ్‌లో ఒంటరిగా ఉన్న బ్రష్షును చూసి తల పంకించింది.

"దొంగ విడాకులు చాలా చూశానమ్మా. మొన్నొకావిడ, మొగుడి మొహం చూసి ఏడాదైందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వెనక బాల్కనీలో చూస్తే ఆయన బనీన్లు ఆరుతున్నాయి."

ఆమె నవ్వబోయింది.

ఆఫీసరమ్మ వెనకగది ముందు ఆగి హ్యాండిల్ తిప్పింది. తలుపు రాలేదు. ఆమెకు పైప్రాణం పైనే పోయింది. లోపల పాత సామాన్లు పెట్టాననీ, తాళంచెవి షాపులో మరిచిపోయాననీ చెప్పింది. చెబుతుండగానే లోపల ఏదో కిర్రుమంది.

ఆఫీసరమ్మ చెవి రిక్కించింది.

"పై ఫ్లాటు వాళ్ళు మేడమ్."

"మా పైవాళ్ళూ అంతే. పొద్దస్తమానం కుర్చీలు ఈడుస్తూనే ఉంటారు. ఏం పోగొట్టుకున్నారో ఏమో."

మళ్ళీ సోఫాలో కూర్చున్నాక ఆఫీసరమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఫైలు తిరగేసింది. గొంతు కాస్త తగ్గించింది.

"చెయ్యి చేసుకునేవాడని పిటిషన్‌లో రాశారు. ఇప్పుడేమన్నా ఇటు వస్తున్నాడా?"

ఆ వాక్యం కూడా అతను చెప్పి రాయించిందే. జడ్జికి జాలి పుట్టాలంటే ఆమాత్రం కారం తగలాలని అప్పుడు పగలబడి నవ్వాడు. ఆమె తలవంచుకుని రాసింది. పిటిషన్ మొత్తంలో నిజం అదొక్కటే.

"రావడం లేదు మేడమ్. ఫోన్ కూడా చెయ్యడు."

నేర్పింది నేర్పినట్టే వచ్చింది. ఆఫీసరమ్మ రాసుకోబోయి కలం ఆపింది.

"మరెందుకమ్మా అలా వణికిపోతున్నారు?"

ఈ ప్రశ్నకు అతను జవాబు నేర్పలేదు. ఆమె మూసి ఉన్న తలుపు వైపు చూడకుండా ఉండడానికి తన గోళ్ళ వైపు చూసుకుంది. చూపు ఎక్కడ పెట్టినా ఆ తలుపు కంటికొసన ఉన్నట్టే ఉంది. లోపల అతను ఊపిరి బిగబట్టి వింటున్నాడని తెలుస్తూనే ఉంది.

"ఇల్లు దక్కుతుందో లేదోనని మేడమ్."

ఆఫీసరమ్మ ముఖం మెత్తబడింది. ఫైలు ఒళ్ళో పెట్టుకుని కింద సంతకం చేసింది.

"దక్కిందమ్మా. ఇవాళ్టి నుంచి ఇల్లూ మీదే, లోనూ మీదే."

"ఆయన మనసు మార్చుకుంటే?"

"మార్చుకోనివ్వండి. వాటా రాసిచ్చింది రిజిస్టరైపోయింది. లోన్‌లో పేరు ఎగిరిపోయింది. ఇక ఈ ఇంటికి ఆయన పరాయివాడు. గుమ్మం తొక్కాలన్నా మీరు రమ్మనాలి."

ఆ మాటలు వెనకగదిలోకీ వినబడే ఉంటాయి. పథకం పారినందుకు అతను సంబరపడుతూ ఉంటాడు.

వాయిదాలు ఎప్పుడు కట్టాలో, జీతంలోంచి నేరుగా వెళ్ళేలా ఏం చెయ్యాలో ఆఫీసరమ్మ వివరంగా చెబుతోంది. ఆమె అన్నిటికీ తలాడించింది. ఒక్కటీ బుర్రకెక్కలేదు.

"ఇక ధైర్యంగా ఉండండి," అంటూ ఆఫీసరమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. ఫైలు చంకలో పెట్టుకుని గుమ్మం దాటింది.

వెనకగదిలో తాళం తిరిగిన చప్పుడైంది. అతనికి అప్పుడే తొందర.

ఆమె ఉత్తకాళ్ళతో మెట్ల దగ్గరికి పరుగెత్తి, ఆఫీసరమ్మ చెయ్యి రెండు చేతులతో పట్టేసుకుంది.

"వెళ్ళకండి మేడమ్, ఆయన లోపలే ఉన్నాడు."