డిక్కీలో చప్పుడు

“చప్పుడు కౌంటర్ల కూసుంటే ఇనరాదు బిడ్డా. కార్ల కూసొని ఇను,” అంది ముత్తవ్వ.

కామారెడ్డి షోరూం సర్వీసు కౌంటర్లో ఎవరు పిలిచినా పోకుండా, ఆమె అక్కడ పనిచేసే అక్షయ్ కోసమే కూర్చుంది. బండి మంచిగా చూస్తాడని ఎల్లారెడ్డిలో ఎవరో చెప్పారట.

అక్షయ్ స్టీరింగు పట్టాడు. పక్క సీట్లో ముత్తవ్వ. ఎల్లారెడ్డి నుంచి కారు నడుపుకొచ్చిన మనవరాలు నవత, దుమ్ముకని మొహానికి చున్నీ చుట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో వెనక కూర్చుంది.

ముత్తవ్వకు కారు నడపడం రాదు. అడగడం మాత్రం మహా బాగా వచ్చు. అడిగేవాళ్లుంటే సగం మోసం గడప దాటదు మరి.

“మీది బీబీపేటనేనా?”

“అవునవ్వా. మీకెట్ల ఎరుక?”

“మాట తీరుల తెల్సిందిలే. గొర్లొస్తున్నయ్, నిమ్మలంగ పోనియ్.”

అక్షయ్ అప్పటికే బండి ఆపేశాడు. కదిలాక మళ్లీ వెనక నుంచి టకటకా చప్పుడు.

తిరిగి రాగానే మేనేజరు పురుషోత్తం ఎదురొచ్చాడు. “బ్రేకులు పోయుంటయమ్మా. సెట్టు మొత్తం మార్చాలె.”

“మార్చుండ్రి సారూ. కాకపోతే మార్చే ముందు నాకు చూపెట్టుండ్రి. మార్చినంక పాతయి నా చేతుల పెట్టుండ్రి.”

పురుషోత్తం అక్షయ్‌ని పక్కకు లాగాడు. “ఈ నెల నీ టార్గెట్ సగం గూడ కాలే. ఈ బండి ఉత్తగ పంపినవనుకో, రేపటి సంది రాకు.” మెల్లగానే అన్నాననుకున్నాడు. అందరికీ వినబడింది.

అక్షయ్ చక్రం విప్పించి చూశాడు. బ్రేకులను రెండుసార్లు తడిమి చూశాడు. లేక లేక దొరికిన కొలువు. తర్వాత డిక్కీ తెరిచి, వదులైన జాకీ రాడ్డును గట్టిగా బిగించాడు.

“బ్రేకులు మంచిగున్నయవ్వా. చప్పుడు గీ రాడ్డుది. ఏం మార్చే పనిలేదు.”

పురుషోత్తం మొహం మాడింది. ముత్తవ్వ అతని వైపు తిరిగింది. “సారూ, గీ పిలగాడు ఈడ ఉన్నన్ని దినాలు మా వాడకట్టు కార్లన్నీ మీ దగ్గరికే తోలిస్త. ఈయన లేడా, ఒక్కటి రాదు.”

పురుషోత్తానికి నవ్వక తప్పలేదు. “మా అక్షయ్ బంగారం అమ్మా.”

ఇట్లాంటి మనిషి ఇంటికొకరుంటే చాలు, ఏ షోరూమైనా దారికొస్తుంది.

నవత కారు గేటు దాటించి, చున్నీ తీసింది. ఇయర్‌ఫోన్లు కూడా తీసింది. వాటి తీగ దేనికీ తగిలించి లేదు.

“పొద్దుగాల ఆ రాడ్డు భలే వదులు చేసినవ్ బిడ్డా,” అంది ముత్తవ్వ. “ఇగ చెప్పు, ఏమంటవ్?”

నవత అద్దంలో ఒకసారి వెనక్కి చూసింది.

“ఈ సంబంధమే ఖాయం చెయ్యి అవ్వా.”