జ్వరమని రాయను

"అలసట అని రాస్తే తప్పు కంపెనీ మీదికొస్తుందమ్మా. జ్వరమని రాయండి, సెలవిస్తాను," అన్నాడు విమాన సంస్థ మేనేజరు.

"జ్వరం లేదు సార్. రెండు రోజుల్లో ఐదు గంటలే నిద్ర. పొద్దున విమానం దించేటప్పుడు కళ్ళు మూతలు పడ్డాయి," అంది కోపైలట్.

"చేరి ఆరు నెలలు కాలేదు, అప్పుడే ఒళ్ళు వంగట్లేదా?"

"నా వెనక నూట ఎనభై మంది కూర్చుంటారు. అబద్ధం రాయను."

మేనేజరు కాగితం లాక్కుని సంతకం గీకాడు. "సరే, మీ బదులు ఇంకొకర్ని వేస్తాను. ఇంటికి పోయి పడుకోండి."

ఆమె ఊపిరి పీల్చుకుంది. తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"మరి కెప్టెన్ గారో? రెండు రోజులూ నా పక్కనే ఉన్నారు కదా!"

"ఆయనేం రాసివ్వలేదే. బయట బెంచీ మీద నిద్రపోతున్నారు. వెళ్తూ వెళ్తూ లేపండి, విమానానికి టైమైంది."