తోడికోడళ్ల నడిమి గోడ

ఇళ్లను కంప్యూటర్ తెరమీదే కోసే రోజులొచ్చాక ఒంగోలులో ఆ పని చేసే మస్తాన్‌వలికి తీరిక లేకుండా పోయింది. ఇంటి పటం మీద గీత గీసి "విడదీయి" నొక్కితే చాలు, గోడలు వాటంతటవే జరిగి ఇల్లు రెండవుతుంది.

ఆ ఉదయం తోడికోడళ్లు స్వరాజ్యం, ఇందుమతి పిలిచారు. నాలుగు నెలలుగా వాళ్లకి మాటల్లేవు.

"సరిగ్గా సగానికి కొయ్యి బాబూ," అంది పెద్దావిడ స్వరాజ్యం.

"అంగుళం కూడా ఎక్కువ తీసుకోవద్దని ఆవిడకి చెప్పండి," అంది ఇందుమతి.

వలి కొలిచి కోశాడు. వంటింట్లో పొయ్యి స్వరాజ్యం వైపు, కుళాయి ఇందుమతి వైపు పడ్డాయి. మధ్యాహ్నానికి ఇద్దరూ విడివిడిగా మళ్లీ ఫోన్ చేస్తే వలి వచ్చాడు.

"కలపడం కుదరదమ్మా. ఈ యంత్రానికి విడదీయడమే వచ్చు," అన్నాడు వలి. కానీ వాళ్ల ఆకలి మొహాలు చూసి ఉండబట్టలేక, కొత్త గోడనే మూడు ముక్కలుగా విడదీసి నడిమి ముక్క తీసేశాడు.

ఆ సందులోంచి ఇందుమతి బిందెడు నీళ్లిచ్చింది. గంట తర్వాత స్వరాజ్యం పప్పుచారు గిన్నె అందించింది.

ఇందుమతి రుచి చూసింది. "ఉప్పు తక్కువైంది అక్కా."

"నీళ్లు నువ్వే ఎక్కువిచ్చావు," అంటూ స్వరాజ్యం తన పీటను సందు దగ్గరికి జరుపుకుంది.