సీటు కిందికి పోయిన తీగ

నిలిపిన కారులో ముందు అద్దానికి బిగించిన కెమెరా రాత్రంతా నడిచి రెండుసార్లు కారు బ్యాటరీ దిగిపోవడంతో, నగరిలో చీరల వ్యాపారం చేసే జుల్ఫికర్ మెకానిక్ గిరితో కెమెరాకు విడిగా పవర్‌బ్యాంక్ పెట్టించాడు. రెండు రాత్రులకోసారి దాన్ని చార్జ్ చేయమన్నాడు గిరి. జుల్ఫికర్ మరిచిపోయాడు. వారం గడిచినా కెమెరా ఎర్రదీపం ఆరలేదు.

ఆ రాత్రి కరెంటు పోయి వీధిలో మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. చీకట్లో ఆ ఎర్రదీపం చూసి జుల్ఫికర్ కారు తలుపు తెరవగానే కుళ్లిన మాంసం వాసన గుప్పుమంది. ముక్కు మూసుకుని, కెమెరా తీగ వెంబడి సీటు కిందికి చెయ్యి పోనిచ్చాడు. వేళ్లకు ఏదో మెత్తగా, వెచ్చగా, జిగటగా తగిలింది. చెయ్యి లాక్కుని లుంగీకి ఎంత తుడిచినా జిగట సాగిందే కానీ వదల్లేదు.

గిరికి ఫోన్ చేశాడు. "సీటు కింద నీ పవర్‌బ్యాంక్ ఉబ్బి కారిపోతా ఉండాదప్పా!"

"సీటు కిందనా? నేను డ్యాష్‌బోర్డు డబ్బాలో కదా పెట్టినాను భాయ్. సూడు."

డబ్బా తెరిచాడు. పవర్‌బ్యాంక్ అక్కడే, పొడిగా ఉంది. దానికి ఏ తీగా తగిలించి లేదు.

అద్దం మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. సీటు కింద గుటక వేసిన చప్పుడయింది.

"భాయ్? ఉండావా?"

తీగ మెల్లగా, వేలెడంత, లోపలికి పోయింది.