ఉప్పునీటిలో పాచిక

బొత్తాల డబ్బా బోర్లించగానే, రంగురంగుల బొత్తాల నడుమ నుంచి ఒక నల్ల పాచిక దొర్లుకుంటూ బల్ల అంచు దాకా వచ్చింది.

చొక్కా బొత్తాం కుట్టించుకోవడానికి వచ్చిన ఆగంతకుడు దాన్ని పట్టుకోబోయాడు.

"ముట్టుకోకండి!" టైలరమ్మ కేక పెట్టింది.

ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "ఏం, కరుస్తుందా?"

"నవ్వులాట కాదండీ," అంది పక్కన కాజాలు కుడుతున్న ఆమె తోడికోడలు. "అది మనిషిని మింగింది."

టైలరమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. పాచిక మీద ఒక గుడ్డముక్క కప్పి, గోడకు ఆనుకుని నిలబడింది.

చెప్పవలసిన పని తోడికోడలి మీద పడింది.

ఆదివారాలు కొట్టు మూసి, గుడ్డ కత్తిరించే ఆ పెద్ద బల్ల మీద వాళ్ళు కథల ఆట ఆడేవారు. కథ నడిపేది టైలరమ్మ. మిగతావారిది తలా ఒక వీరుడి వేషం. గండం ఎదురైనప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. ఆమె చెప్పిన అంకె గాని, అంతకంటె పెద్దది గాని పడితే గట్టెక్కినట్టు. ఒకటి పడితే మాత్రం ఇక దిక్కు లేదు.

"మాతో ఆడే కొరియర్ అబ్బాయి వీరుడు పాత వంతెన దగ్గరికి వచ్చాడండీ. వెనక్కి పోతానన్నాడు. మా అక్క ఊరుకుంటేనా! 'పిరికివాడా, వెయ్యి' అంది. ఒకటి పడింది. వీరుడు ఏట్లో పడ్డాడు."

"తరవాత?"

"మర్నాడు నిజం వంతెన మీద, వానలో, వాణ్ణి బస్సు గుద్దేసింది."

భయం లెక్కలే వేరు. వంతెనకు వంతెన సరిపోయింది. అంతకు మించిన రుజువు టైలరమ్మకు అక్కర్లేకపోయింది. ఆనాటి నుంచి ఆట లేదు, ఆమెకు నిద్ర లేదు.

ఆగంతకుడు బొత్తాం ఊడిన చోటును వేలితో తడుముతూ తల దించుకున్నాడు. ఎత్తినప్పుడు చూస్తే, ఆయన కళ్ళూ నిద్ర మరిచినట్టు ఎర్రగా ఉన్నాయి.

"గాజుగ్లాసులో నీళ్ళు, గుప్పెడు ఉప్పు ఇస్తారా?"

ఉప్పు ఇక కరగనన్నదాకా కలిపి, పాచికను అందులో వదిలాడు. అది మునగలేదు. మెల్లగా పొర్లి, ఒకటి అంకెను పైకి చూపింది. వేలితో ముంచి తిప్పాడు. మళ్ళీ ఒకటి.

"బండి బ్యాటరీలో ద్రావకం చిక్కదనం కూడా ఇలాగే గాజుగొట్టం తేల్చి చూస్తారు. దీని లోపల గాలిబుడగ ఉందమ్మా. ఆ వైపు తేలిక. అందుకే ఒకటి తరచుగా పైకొస్తుంది."

"ఒకటి పడటానికి బుడగ. మరి బస్సు రావడానికి?" అడిగింది టైలరమ్మ.

ఆయన పాచికను నీళ్ళలోంచి తీసి, చొక్కా కొసకు తుడిచాడు.

"దీన్ని నాకివ్వండి. ప్రతి ఆదివారం వచ్చి మీ ఎదుటే వేస్తాను. నా వీరుడు ఎన్నిసార్లు చచ్చినా, మరుసటి వారం నేను బతికి కనిపిస్తాను. పరీక్ష అనుకోండి."

"ఇంకో ప్రాణం నా మెడకు చుట్టకండి!"

"వెయ్యనీ అక్కా," గొణిగింది తోడికోడలు. "చూడబోతే ఈయనకు ఏడ్చేవాళ్ళు కూడా లేనట్టున్నారు."

"వినిపించిందమ్మా," అన్నాడాయన.

ఆట మళ్ళీ మొదలైంది. మొదటివారమే ఆయన వీరుణ్ణి మొసలి మింగింది. ఆ వారమంతా టైలరమ్మ ఒక్క గుడ్డా సరిగ్గా కత్తిరించలేదు. అంబులెన్సు కూత వినబడితే చాలు, గుమ్మంలోకి పరుగెత్తేది.

ఆదివారం ఆయన వచ్చి, "మొసలికి అరగలేదట," అంటూ కూర్చున్నాడు.

ఇంకో వీరుడు పాముకాటుకు పోయాడు. ఇంకొకడు మంటల్లో. గుమ్మంలో ఆయన నీడ పడేదాకా ఆమె వీధి వైపే చూస్తుండేది. పడ్డాక, వారానికొక పోగు చొప్పున భయం తెగుతూ వచ్చింది.

అప్పుడు అడిగాడాయన. "ఆటలో మళ్ళీ ఆ వంతెన పెట్టండమ్మా."

ఆమె దిగ్గున లేచింది. "దాని జోలికి రాకండి."

"అది దాటితేనే మీకు నిద్ర పడుతుంది."

"నా నిద్ర సంగతి మీకెందుకండీ? మీకిదంతా ఆట. పోయింది మా మనిషి. మీదేం పోయింది? వెళ్ళండి ఇక్కణ్ణుంచి!"

ఆయన ముఖం పాలిపోయింది.

"ఆ వంతెన మీద ఏం జరిగిందో పాచికకు తెలియదమ్మా," అన్నాడు మెల్లగా. నిలబడే పాచిక వేశాడు.

ఒకటి.

"నా వీరుడూ ఏట్లో పడ్డాడు. వచ్చే ఆదివారం బతికి వస్తాను."

పాచికను జేబులో వేసుకుని వానలోకి నడిచాడు.

ఆ ఆదివారం ఆయన రాలేదు.

"జ్వరమేమోలే," అంది తోడికోడలు. ఆ మాట ఆమే నమ్మలేదు.

పై ఆదివారమూ రాలేదు. వెతుకుదామంటే ఊరూ పేరూ అడిగినవారు లేరు. వెళ్ళండి అని మాత్రం తనే అంది. ఇద్దర్ని చంపాను, ఇద్దర్ని, అని లోలోపల గొణుక్కుంటూ టైలరమ్మ బల్ల దగ్గరే ముడుచుకుని కూర్చుంది.

గుమ్మంలో నీడ పడింది. ఆమెకు ప్రాణం లేచివచ్చింది.

ఆయన కాదు. కొరియర్ అబ్బాయి తల్లి. ఆమె గుప్పిట విప్పితే, అందులో నల్ల పాచిక.

"పోయాడా, పెద్దమ్మా?" టైలరమ్మ చప్పున లేచింది.

"పోవడమేమిటే పిచ్చిదానా! రాలేకపోయాడంతే. లోపలికి ఇలాంటివి పోనివ్వరని నా చేతిలో పెట్టాడు. బతికే ఉన్నానని నీకు మరీ మరీ చెప్పమన్నాడు."

"ఆయన మీకెలా తెలుసు?"

ముసలామె అరచేత్తో ముఖం తుడుచుకుంది.

"ఒకనాడు మా గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. నాకంటే ఎక్కువ ఏడుస్తున్నది నువ్వేనని చెప్పి, నేనే నీ దగ్గరికి పంపాను," అంది. "తప్పు వాన మీదికి తోసెయ్యమని వకీలు ఎంత మొత్తుకున్నా వినకుండా, స్టీరింగు ముందు కునుకు తీసింది నేనేనని కోర్టులో ఒప్పేసుకుని జైలుకు పోయాడమ్మా, మా వాడి మీదికి వచ్చిన ఆ బస్సు డ్రైవరు."